ఆ పిల్ల తిన్నదా?

తాడేపల్లిగూడెం

ఏలూరు కేన్సరు ఆసుపత్రిలో ఫోన్లు చేయించే పెద్దలకి, ఉల్లిపాయల కొట్టు మల్లికార్జునరావు గారి భార్య కామాక్షి నమస్కరించి రాయునది.

రొమ్ము ఆపరేషనయ్యి, ఇంజెక్షన్లన్నీ పూర్తయ్యాక నన్ను ఇంటికి పంపించారు. ఇక వారం వారం ఫోనులోనే కనుక్కుంటామన్నారు. సంతోషం. కానీ మీ ఫోను పిల్ల సంగతి ఎవరైనా చూస్తున్నారా అండీ? "మీరు సరిగా భోజనం చేస్తున్నారా? చేస్తుంటే ఒకటి, లేకపోతే రెండు నొక్కండి" అంటుంది. పాపం, ఎంత మర్యాదో! "నువ్వు తిన్నావా అమ్మా?" అని నేనడిగితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. తినలేదన్నమాటేగా? అలాంటి పిల్లతో నేను సుష్టుగా తిన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ? రెండు నొక్కేస్తున్నాను.

ఫోను చేసి చెబుదామంటే ఎత్తేది మళ్ళీ ఆ పిల్లే. అందుకని ఈ ఉత్తరం మా ఆయన చేత పంపుతున్నాను.

ఇట్లు,
కామాక్షి

తా.క.: కేరేజీలో పులిహోర ఉంది. ఆ పిల్లకే పెట్టండి. డాక్టర్లకి వద్దు.

*

ఏలూరు

కామాక్షి గారికి, ఫాలోఅప్ నర్సు సుష్మిత నమస్కారాలండీ.

మీ ఉత్తరం చదివాక ప్రాణం లేచొచ్చింది. మీరు ప్రతి వారం రెండు నొక్కుతుంటే మా కంప్యూటరులో మీ పేరు ఎర్రగా వెలుగుతోంది. తిండి సయించడం లేదేమో, జబ్బు తిరగబెట్టిందేమోనని హడలిపోయాం. ఏ చిన్న తేడా వచ్చినా ముందే పట్టుకోవడానికే ఈ ఫోన్లు. మీరు నిజం నొక్కకపోతే మాకు తెలిసే దారి లేదండీ.

అది పిల్ల కాదు, రికార్డు చేసిన గొంతు. మెషీను. దానికి ఆకలి వెయ్యదు.

డాక్టరు ఫణికుమార్ గారు మీకోసం ప్రోటీను పొడి డబ్బా ఇచ్చారు. తప్పకుండా తాగండి.

మీ
సుష్మిత

తా.క.: పులిహోర మెషీనుకి పెట్టడం కుదరలేదు. నేను తిన్నాను. మన్నించాలి, డాక్టరు గారు కూడా.

*

తాడేపల్లిగూడెం

అమ్మా సుష్మితా, దీవెనలు.

మెషీనంటావేమిటమ్మా! మా కొట్లో కాటా ఉంది, అది మెషీను. ఒక్కనాడైనా "బాగున్నారా అండీ" అందా? పైవాళ్ళకి భయపడి అలా రాస్తున్నావు, నాకు తెలుసులే.

పొడి అందింది. మా ఆయన పాలల్లో కలుపుకుని తాగేశారు. ఖాళీ డబ్బా తిప్పి పంపడం మా ఇంటావంటా లేదు. నిండా సున్నుండలు పెట్టాను.

ఇట్లు,
కామాక్షి పిన్ని

తా.క.: మొన్న ఆ పిల్ల "చేతికి వాపు ఉందా" అని కూడా అడిగింది. ఆపరేషనైన వైపు చెయ్యి వాచి, సబ్బు రాసినా గాజులు ఎక్కడం లేదు. అయినా లేదనే నొక్కాను. అసలే పస్తులున్న పిల్లకి నా చేతి గోల కూడానా?

*

ఏలూరు

పిన్నిగారికి నమస్కారాలు.

ఇంత ముఖ్యమైన సంగతి అడుగున ఇరికిస్తారా అండీ! వాపు ఎందుకొచ్చిందో చూస్తేగాని చెప్పలేం. రేపే బయల్దేరి రండి. ఉత్తరం తెచ్చిన బాబాయిగారికి ఇంకా చెప్పలేదు. చెప్పమంటారా?

మీ
సుష్మిత

తా.క.: డబ్బా వెనక్కి రాగానే స్టోరువాళ్ళు "పేషెంటు పొడి నిరాకరించారు" అని కంప్యూటరులో ఎక్కించేశారు. మీ పేరిప్పుడు రెండు రంగుల్లో వెలుగుతోంది.

*

తాడేపల్లిగూడెం

అమ్మా సుష్మితా,

మీ బాబాయిగారికి చెప్పకు. నాకు భయంగా ఉందమ్మా. వస్తే, జబ్బు మళ్ళీ వచ్చిందంటారు. జుట్టు ఇప్పుడిప్పుడే జడకి అందుతోంది. ఇంకోసారి ఆ ఇంజెక్షన్లు నా వల్ల కాదు.

ఒక్క పని చెయ్యి. ఆ పిల్ల కడుపునిండా తిన్నానని ఒక్కసారి నాతో అంటే, నేను మర్నాడే వచ్చి చెయ్యి చూపిస్తాను.

ఇట్లు,
మీ పిన్ని

తా.క.: బెదిరించి చెప్పించకండి. గొంతు వింటే పట్టేస్తాను.

*

ఏలూరు

పిన్నిగారికి నమస్కారాలు.

ముందుగా మంచిమాట. మీరొచ్చి తీయించుకున్న స్కానింగు రిపోర్టు వచ్చింది, జబ్బు లేదు! ఆపరేషనులో చంకలో గ్రంథులు తీసేశారు కదా, అక్కడ నీరు ఆగి చెయ్యి వాచింది. బిగుతు తొడుగు వేసుకుని, నేర్పిన వ్యాయామం చేస్తే అదుపులో ఉంటుంది. ఈ మాట విని బాబాయిగారు మా బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చేశారు. మీకు చెప్పొద్దన్నారు.

ఇక రెండోది. మీకోసం "నేను తిన్నానండీ, మీరు తిన్నారా?" అని కొత్తగా రికార్డు చేయించాం కదా. కంప్యూటరు దాన్ని అందరికీ పంపేసింది. ఒక్క వారంలో అత్తిలి నుంచి మండవల్లి దాకా ఎర్ర పేర్లన్నీ పచ్చబడ్డాయి! ఫోను చేసి ఆరా తీస్తే, అందరూ మీలాగే మొహమాటానికి రెండు నొక్కారట. కొల్లేరు పక్క ఆడవాళ్ళకి ఆకలి ఎందుకు మందగిస్తోందో డాక్టరు గారు పెద్ద వ్యాసమే రాసుకున్నారు. నిన్న దాన్ని మడిచి సొరుగులో పడేశారు.

ఇప్పుడు నొప్పులూ వాపులూ అన్నీ బయటికొస్తున్నాయి. మండవల్లి పుష్పమ్మగారు మాత్రం నేనే ఫోను చేసినా నోరు విప్పలేదు. "నువ్వు కత్తి కింద పడుకున్నావా అమ్మా? లేదుగా. నీకేం తెలుస్తుంది?" అన్నారు. మీ గురించి చెబితే, "ఆవిడతో అయితే మాట్లాడతాను" అన్నారు.

అందుకని పిన్నిగారూ, ఇకమీదట మా ఫోనులో మోగే గొంతు మీదే కావాలి. సోమవారం రికార్డింగుకి రండి.

మీ
సుష్మిత

తా.క.: పుష్పమ్మగారి కోసం సోమవారం దాకా ఆగొద్దు. ఆవిడ నెంబరు బాబాయిగారికిచ్చాను, ఈ సాయంత్రమే మాట్లాడండి. మిమ్మల్ని కూడా మెషీననుకుంటే ఒకసారి గట్టిగా కోప్పడండి.