ఊదా సిరా

సౌభాగ్యవతి సల్వీనాకు నీ భర్త ప్రిస్కుస్ దీవించి రాసే ఉత్తరం. రావెన్నాలో నేనూ, నువ్వు పాలిచ్చి పెంచిన పిల్లవాడూ ప్రాణాలతో ఉన్నాం. సలోనాలో నువ్వూ, మీ అక్కగారి కుటుంబమూ క్షేమమని తలుస్తాను. దీన్ని రాజటపాలో పంపడం లేదు, అక్కడ ప్రతి ఉత్తరమూ విప్పి చదువుతున్నారు. నూనె జాడీల ఓడ సరంగు నడుముకి కట్టుకుని తెస్తాడు. అతనికి కడుపునిండా భోజనం పెట్టు.

నీ ఉత్తరం అందింది. నువ్వు కోపంతో రాశావు, నేనూ కోపంతోనే జవాబు రాస్తున్నాను, సరికి సరి. ముందు చిన్న ప్రశ్నలకు చెబుతాను. నా దగ్గు తగ్గలేదు. చుట్టూ బురద, ముక్కు ముందు దోమలు, ఎలా తగ్గుతుంది? నీ ఉన్ని దుప్పటికి చిమ్మట పట్టలేదు, నేనే కప్పుకుంటున్నాను. పిచ్చుకకు పై పళ్లు రెండు ఊడాయి. నువ్వు పెట్టిన ఆ ముద్దుపేరే రాస్తున్నాను, ఉత్తరం ఎవరి చేతిలో పడినా వాడు రోము చక్రవర్తి అని తెలియకుండా ఉంటుందని ఇంతసేపూ అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట కూడా రాసేశాను. పోనీ.

వాడు సరిగా తింటున్నాడా అని అడిగావు. వెండి పళ్లేల్లో నెమలి మాంసం పెడతారు, వాడు రొట్టె, జున్ను మాత్రం తింటాడు. వాడి ఊదా చెప్పులు గత ఏడాదివి. వేళ్లు ముడుచుకుని నడుస్తున్నాడు. కొత్తవి కుట్టించమని నేను వస్త్రశాలకు పోయి అడిగాను. అక్కడి గుమాస్తా పెద్ద కాగితం తీసి, "చక్రవర్తి చెప్పులకి చక్రవర్తి సంతకం కావాలయ్యా" అన్నాడు. "అయితే కాగితం ఇవ్వు, ఇప్పుడే పెట్టిస్తా" అన్నాను. "సంతకానికి వెళ్లే కాగితాలన్నీ సేనాపతిగారు చూడాలి. ఆయనకి చెప్పుల కాగితం పంపితే నా తోలు వలుస్తాడు" అన్నాడు. దేశాలు దానం చేసే చేతికి చెప్పులజత చేయించుకునే దిక్కు లేదు. ఈ మనుషుల ముఖాన దుమ్ముపొయ్య!

ఇక నీ పెద్ద ప్రశ్న. "పాముకి పాలు పోశాను. నన్ను ఊరు దాటించిన కాగితం మీద వాడే తన చేత్తో సంతకం పెట్టాడా, లేదా? అది చెప్పు చాలు" అని రాశావు. ఈ మాట మూడు ఉత్తరాల నుంచీ అడుగుతున్నావు, నేను వాతావరణం గురించి రాస్తున్నాను. ఈసారి చెబుతాను.

నిన్ను ఎందుకు పంపేశారో నీకు తెలుసు. మంత్రులంతా నిలబడి ఉన్న సభలోకి నువ్వు తడి చేతులతో వచ్చావు. "బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే మీ సభేంటయ్యా! లేవండి, పొండి" అన్నావు. చక్రవర్తిని సింహాసనం మీంచి చంకనెత్తుకుని పోయావు. ఆ రోజు నిన్ను చూసి నాకు గర్వం కలిగింది, భయమూ వేసింది. సేనాపతి మాత్రం నవ్వాడు. అతను నవ్వితే ఏదో ఒకటి జరుగుతుంది.

నాలుగో రోజు పొద్దున పాఠం చెబుతుండగా కాగితం, ఊదా సిరాబుడ్డి పట్టుకుని తనే వచ్చాడు. ఏ ఉత్తర్వు అయినా చక్రవర్తి స్వయంగా ఊదా సిరాతో 'చదివాను' అని రాస్తేనే చెల్లుతుంది గదా. పిచ్చుకకు అప్పటికి అక్షరాలు కుదురుకోలేదు, రోజూ వాడి చెయ్యి పట్టుకుని రాయించేది నేనే. "ఏం పంతులూ, పిల్లాడి చెయ్యి వణక్కుండా చూడు" అన్నాడు. నేను కాగితం చదివాను. నీ పేరుంది. సలోనా అని ఉంది. మూడు రోజుల గడువుంది.

పిచ్చుక "ఇందులో ఏముంది?" అని అడిగాడు.

"గుర్రాలకి గడ్డి" అన్నాను.

"అయితే తొందరగా పెట్టేద్దాం పంతులుగారూ. అమ్మ నాకోసం అంజూరాలు కోసి ఉంచింది" అన్నాడు.

వాడి చెయ్యి నా గుప్పెట్లో ఉంది. రాయించాను సల్వీనా. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నేను కాదంటే నన్ను చంపేవారా? ఏమో, నేను కాదని చూడలేదు. అతను కత్తి దూయలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. పరాయివాడు కనుబొమ్మ ఎత్తితే కట్టుకున్నదాన్ని సముద్రం దాటించాను. మన పాప పోయిన పదో రోజున ఈ బిడ్డను నీ ఒళ్లో పెట్టారు, ఆ సంగతి నాకంటే ఎరిగినవాడు ఎవడు? ఎనిమిది నెలలుగా నువ్వు వాణ్ణి తిడుతుంటే చదువుకుంటూ కూర్చున్నాను. తిట్టాల్సింది నన్ను. పాము అన్నావే, అది నేను.

మిగతాది కూడా విను. పిచ్చుక ఇప్పుడు ధారాళంగా చదువుతున్నాడు. పోయిన నెల సభలో సంతకానికి పెట్టిన కాగితాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. పొలాలు ఎవరివి ఎవరికి పోతున్నాయో అందరికీ వినబడింది. సేనాపతి నవ్వాడు. మర్నాడే కంసాలికి పని చెప్పాడు, బంగారు రేకులో 'చదివాను' అన్న అక్షరాలు తొలిచి ఇవ్వమని. కాగితం మీద రేకు పెట్టి ఆ సందుల్లో కలం తిప్పితే చాలు. అప్పుడు పంతులు అక్కర్లేదు. కొన్నాళ్లు పోతే ఆ పిల్లాడి చెయ్యి కూడా అక్కర్లేదు.

రేకు సంగతి విన్న రోజున పిచ్చుక నన్ను అడిగాడు. "అమ్మని పంపేసిన కాగితం మీద కూడా నేనే రాశానా?"

ఈసారి గడ్డి అనలేకపోయాను. అంతా చెప్పాను. వాడు ఏడవలేదు. మైనపు పలకల జత మూసేశాడు, మూడు రోజులు పాఠానికి రాలేదు. నాలుగో రోజు చిన్న కాగితం నా ముందు పెట్టి, "మీరు ముట్టుకోకండి. నేనే రాస్తా" అన్నాడు. రాసి అంగీ చేతిలో దాచుకుని సభకు పోయాడు, ఊదా సిరా ఉండేది అక్కడే గదా. ముప్పై కాగితాల మధ్య దాన్నీ పెట్టి సంతకం చేశాడు, మళ్లీ దాచి నాకు తెచ్చిచ్చాడు. సిరాబుడ్డి పట్టుకునే ముసలాయన చూశాడు, చూసి గోడవైపు తిరిగి తుమ్మాడు. వేరేవాడయితే ఈపాటికి ఊదా సిరా దొంగిలింపజేశానని నా తల కోటగుమ్మానికి వేలాడేది.

ఆ కాగితం దీనితో పంపుతున్నాను. "సల్వీనా వెంటనే రావలెను. అడ్డుపడినవారు పది పౌన్ల బంగారం జరిమానా చెల్లించవలెను" అని ఉంది, సభలో విన్న మాటలన్నీ వాడాడు. కింద, "నిన్ను కావాలని పంపలేదు. నాకు గడ్డి అని చెప్పారు" అని ఉంది. రెండేళ్ల ఏలుబడిలో వాడు తనంత తాను చదివి పెట్టిన సంతకం ఇదొక్కటే. అక్షరాలు కుంటుతున్నాయి. నేను దిద్దలేదు.

నువ్వు రావద్దు. వస్తే రేవులోనే పట్టుకుంటారు, ఆ కాగితం దొరికితే వాడికీ ముప్పే. చదివి పొయ్యిలో వెయ్యి. నిన్ను పంపించిన చేత్తోనే రావద్దని రాస్తున్నాను, నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. నన్ను గెంటేదాకా వాడి పక్కన నేనుంటాను. నన్ను ఎంత తిట్టాలో తిట్టు, వాణ్ణి మాత్రం ఒక్క మాట అనకు.

కాగితాన్ని ఆరు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను, పంపడానికి భయమేసి. పంపానని వాడికి చెప్పాను. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, "అమ్మ ఓడ ఇంకా ఎందుకు రాలేదు?" అని అడుగుతున్నాడు. గాలి లేదు నాన్నా అంటున్నాను. ఈ రోజు కూడా అదే అన్నాను. బయట గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. వాడు ఆ తలుపులవైపు చూశాడు, నావైపు చూశాడు, కిటికీ మూసేసి లోపలికి పోయాడు.

ఇట్లు,
నీ మొగుడినని చెప్పుకోవడానికి మొహం చెల్లని
ప్రిస్కుస్