నీలం తెర ముందు మా ఆయన

మంగళవారం,
సరస్సు పక్కన, బళ్ళు ఆపుకునే మైదానం

నా ముద్దుల ఆడపడుచు, బడిపంతులమ్మ వదినకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని కంగారుపడకు. మోటర్‌హోమ్ అని గొప్పగా కొన్నామా, ఈ ఇల్లుబండిలో గోడలు అట్టముక్కల్లా ఉన్నాయి. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర మీ తమ్ముడు ఊఁ కొడతాడు. ఈ మాట ఆయన వినకూడదు. నవ్వించడానికి రాయడం లేదు వదినా.

నిన్న మూడొందల కిలోమీటర్లు ఆయనే తోలుకొచ్చాడు. బండి కొన్నాక ఇదే మొదటి ప్రయాణం. ఇవాళ పొద్దున టీవీకి డిష్ పెడదామనుకున్నాం. ఆయనకి మోకాళ్ళ నొప్పులు కదా, నిచ్చెనేసుకుని బండి నెత్తి మీదికి నేనే ఎక్కాను. ఆయన లోపల టీవీ ముందు. నేను డిష్‌ని వేలెడు వేలెడు తిప్పుతూ వచ్చిందా అనాలి, ఆయన చూసి చెప్పాలి. పాతికేళ్ళ కాపురంలో అడిగిన ప్రతిసారీ ఆయన సమాధానం చెప్పాల్సిన పని ఇదొక్కటే.

నా బుద్ధి నీకు తెలుసుగా, ఊరుకోలేకపోయాను. కేబుల్ కొస డిష్‌కి తగిలించకుండా బొడ్లో దోపుకున్నాను. ఇక ఎంత తిప్పినా బొమ్మ రాదు. పావుగంట ఆయన చేత అరిపించి, గొంతు పోయాక కేబుల్ చూపించి ఏడిపిద్దామని.

“వచ్చిందా అయ్యా?”

“రాలేదే.”

“ఇప్పుడు?”

“ఆఁ... గీతలు పడుతున్నాయి. ఇంకాస్త ఎడమకి.”

నోరు నొక్కుకున్నాను. ఈ రకం టీవీలో గీతలూ చుక్కలూ ఉండవు, వస్తే బొమ్మ మొత్తం వస్తుంది, లేకపోతే ఏమీ రాదని షాపతను చెప్పాడు. అయినా తిప్పాను.

“ఇప్పుడో?”

“ఆపు, ఆపు! వచ్చేసింది! అద్దంలా ఉంది!”

“నిజంగానా?”

“నీ మీద ఒట్టే. దిగిరా, మాడిపోతావు ఎండకి.”

కేబుల్ నా బొడ్లోనే ఉంది వదినా! పట్టేశాడు, ఇన్నాళ్ళకి నాకు తగ్గ మొగుడనిపించుకున్నాడని నవ్వుకుంటూ దిగాను. లోపలికి పోతే తెరంతా నీలం. మధ్యలో అరచేయంత అక్షరాలతో ‘సిగ్నల్ లేదు’ అని ఉంది. దాని ముందు ఆయన కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

“ఏం వస్తోంది?” అన్నాను.

“వార్తలు.”

“శబ్దం లేదే?”

“నేనే తీసేశాలే, తలనొప్పిగా ఉంది.”

“చదివేవాడు బావున్నాడా?”

“ఏదో ఉన్నాడులే. నీలం చొక్కా.”

అప్పటికీ ఆటే అనుకుని మొహంలోకి చూశాను. ఆట పట్టించేవాడికి పెదవి కొసన ఏదో ఒకటి కదులుతుంది. ఊరందర్నీ ఏడిపించినదాన్ని, నాకు తెలీదా? ఏమీ కదల్లేదు. చదవని పాఠం పంతులు అడిగితే పిల్లాడి మొహంలో ఉండే భయం ఉంది, అంతే.

అరచేయంత అక్షరాలు ఆయనకి కనపడడం లేదు. మూడొందల కిలోమీటర్లు వదినా! లారీలు, వంతెనలు, బడిపిల్లలు రోడ్డు దాటే చోట్లు. పక్క సీట్లో కాళ్ళు బారజాపుకుని బిస్కెట్లు నములుతూ నేను.

తాళాలు పిండిడబ్బాలో దాచేశాను. పోయాయని చెప్తాను. ఇంటికి రాగానే బండి అమ్మేస్తాను. ఆయనతో ఏం మాట్లాడాలో మాత్రం తెలియడం లేదు. అమ్మ తర్వాత ఆయనకి నువ్వే, నీ మాటైతే వింటాడు. ఎలా అడగాలో చెప్పు.

ఈ ఉత్తరం ఆయన ఎదురుగానే రాస్తున్నాను. “ఏంటే అంత రాస్తున్నావు?” అన్నాడు. “మీ అక్కకి నీ మీద చాడీలు,” అన్నాను. నవ్వాడు. కాగితం ఆయన వైపు తిప్పి, మోకాలికి ఆనించి పెట్టాను. దాన్నే చూస్తూ నవ్వుతున్నాడు. చదవలేదు.

కొమ్మ జారిన
నీ కోతి మరదలు


శుక్రవారం,
అదే మైదానం

వదినా,

ఈసారి ముద్దులూ మురిపాలూ లేవు. వదినా అంటే అంతే.

నీ జవాబు కోసం ఆగలేదు. తాళాలు పోయాయని చెప్పానా, ఆయన వెతకలేదు. స్టీరింగు ముందు కూచుని, “దొరికినా నాకివ్వకే,” అన్నాడు. ఆ తర్వాత ఒక్కటొక్కటే బయటపెట్టాడు.

ఎటు చూసినా నడిమధ్యన మసక మచ్చట. మనిషి మొహం చూడబోతే మొహం పోయి చెవులు మిగులుతాయట. రెండేళ్ళ కింద బస్సు డిపోలో డ్రైవర్లకి కళ్ళ పరీక్ష పెడితే, గోడ మీది అక్షరాల పట్టిక ముందే బట్టీ పట్టి గట్టెక్కాడట. పట్టించిందెవరయ్యా అంటే, “అక్కే,” అన్నాడు.

నువ్వా వదినా! పిల్లలకి ఎక్కాలు నేర్పిన గొంతుతో తమ్ముడి చేత గుడ్డితనం అప్పజెప్పించావా? అద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాడని అనుకున్నావట. నలభై మంది ఎక్కే బస్సు వదినా! ఆ తర్వాత నాలుగు నెలలు తోలాడు. ఒకరోజు స్టాపులో చెయ్యెత్తిన ముసలామె కనిపించక దాటిపోయి, బస్సులో జనం అరిస్తే ఆగి, ఆ సాయంత్రమే డిపోలో కుర్చీ పని అడుక్కున్నాడట. నాకేమో ప్రమోషన్ అన్నాడు. నేను మిఠాయి పంచాను.

“మరి సోమవారం ఎలా తోలావు?” అని అడిగాను.

“నువ్వు బోర్డులు చదువుతూ వచ్చావుగా,” అన్నాడు.

ఐదో తరగతితో బడి ఎగ్గొట్టినదాన్ని. కనపడిన బోర్డల్లా కూడబలుక్కుని పైకి చదవడం నాకో జబ్బు. ఆ జబ్బే ఆయనకి కళ్ళయింది. అందులో రెండు అబద్ధాలు వదినా. సరదాకి కల్పించి చదివాను. ఒకచోట మలుపుంది మెల్లగా పొమ్మని రాసుంటే, ‘ముందు రోడ్డు సాఫీ, దూసుకుపోండి’ అని చదివాను. ఆయన దూసుకుపోయాడు. తనూ నాతో ఆడుతున్నాడనుకుని పగలబడి నవ్వాను. ఆ మలుపులో సామాన్లన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి.

నిన్ను నాలుగు తిట్టాలనే కూచున్నాను. తిట్టే మొహం నాకేదీ?

నిన్న ఇక్కడి కాపలాదారు తన కారులో టౌన్లో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పోయిన చూపు రాదట, మిగిలింది పోకుండా సూదులు వేస్తారట. స్టీరింగు మాత్రం ముట్టుకోకూడదు. బయటికొచ్చి, “బండి అమ్మేద్దామే,” అన్నాడు. మూడు రోజుల కింద ఆ మాట నాది. ఆయన నోట వినేసరికి ఒప్పుకోలేకపోయాను. అమ్మం. నేను తోలడం నేర్చుకుంటాను. అన్నయ్యగార్ని రైలెక్కించు, బండి ఇంటి దాకా తోలి పెడతారు. నువ్వూ రా. లైసెన్సు పరీక్షకి ప్రశ్నల పుస్తకం ఉంటుందట, నేర్పు. బట్టీ వద్దు, అర్థమయ్యేలా చెప్పు.

ఇవాళ కేబుల్ తగిలించి డిష్ పెట్టాను. వచ్చిందా అని ఆయన్ని అడగలేదు. షాపతను ఇచ్చిన చిన్న సిగ్నల్ మీటరు కూతపెట్టేదాకా నేనే తిప్పుకున్నాను. బొమ్మ వచ్చాక పక్కన కూచుని చెప్పడం మొదలెట్టాను. ఈత పందెం. మూడో వరుసలో పిల్ల ముందుంది, ఐదో వరుస పిల్ల అందుకుంటోంది అని. ఆరో వరుసలో మొసలి దిగింది అందామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మూడో వరుస పిల్ల గెలిచేదాకా ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

ఆయన నా వైపు తిరిగి, మొహం కనపడాలని కాబోలు తల కాస్త పక్కకి వంచాడు.

“ఏంటే, ఇంతసేపూ ఒక్క అబద్ధమూ లేదు? ఒంట్లో బాగాలేదా?”

“బాగాలేదు,” అన్నాను. అదీ నిజమే.

నీ మరదలు