ఎడమచేతి గిటారు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఆరేళ్లు. పొద్దున గుణదలలో నీ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, నాన్నను తీసుకుని బీసెంటు రోడ్డుకెళ్లి నా కూతురికి గిటారు కొన్నాను. దానిదీ నీలాగే ఎడమచేతి వాటం. షాపతను నాలుగు గిటార్లు దాని ఒళ్లో పెట్టి చూసి, చెయ్యి హాయిగా ఆనిన చిన్న గిటారు తీశాడు. "తీగలు తిరగేసి కడతానండీ, అరగంట పని," అన్నాడు.

అరగంట! చర్చిలో ఎడమచేత్తో వాయిస్తే పాపమని నాన్న నీ వేళ్ల మీద బెత్తంతో కొట్టేవాడు. కుడిచేత్తో నీకు ఒక్క పాటా పలకలేదు. గిటారు మూలన పెట్టేశావు.

ఇవాళ మనవరాలు ఎడమచేత్తో మీటుతుంటే నాన్న మురిసిపోయి, "మనింట్లో ఇన్నాళ్లకి ఒకరికి సంగీతం అబ్బిందమ్మా!" అన్నాడు.

నీ పేరెత్తుతాడేమోనని ఇంటిదాకా చూశాను. ఎత్తలేదు.

నీ చెల్లి