జానమ్మ అర్థాలు రాసిన మాట

మక్తల్ తాలూకా, 12-6-1986

నా బంగారు బిడ్డ జానమ్మకు బాపు కురుమయ్య వేయి దీవెనలు.

హైదరాబాదు డిక్షనరీ ఆఫీసులో నీకిచ్చిన మొదటి ఇంగ్లీషు మాట ‘డూమ్’ అని, దానికి తలరాత, తీర్పు, శిక్ష, సర్వనాశనం అని నాలుగు అర్థాలు రాశావని తెలిసి నా ఛాతి అంగీలో పట్టలేదు. ముప్పై ఏళ్లు పట్వారీ దఫ్తరం నెత్తిన మోసిన సుంకరోణ్ణి. నా బిడ్డ తలరాతల దఫ్తరమే రాస్తున్నది! ఊరంతా చెప్పాను. హుస్సేన్ బీ ఉరికొచ్చింది.

“కురుమన్నా, అంతా రాసేటోళ్ల చేతిలనే ఉంటది గదా! పట్వారీ ఒక్క గీత గీస్తే నా చెలక భూమి పాలోళ్లకు పాయె. జర బిడ్డకు చెప్పి నా రాత తిరగరాయించు.”

సరేనన్నాను.

నీ బాపు

తా.క. సర్వనాశనం పక్కన మన ఊరి పేరు రాయకు.

హైదరాబాదు, 18-6-1986

బాపుకు జానమ్మ దండాలు.

నేను మాటకు అర్థం రాస్తాను గాని ఎవరి రాతా మార్చలేను. నా నౌకరీ ఇంకా ఆరు నెలల పరీక్ష మీదే ఉంది. పెద్దసారుకు కోపం వస్తే ఇంటికే. నాకు అర్జీలు పంపకు.

నీ బిడ్డ

మక్తల్ తాలూకా, 25-6-1986

బిడ్డా, దీవెనలు.

నిజమే, కింది నౌకరుకు అర్జీ పెడతారా ఎవరైనా? అందుకే ఇరవై మూడు అర్జీలు, వేలిముద్రలతో, పెద్దసారు పేరనే రిజిస్టరు పోస్టులో పంపాను. ఇక నువ్వు ఫికర్ చెయ్యకు.

నీ బాపు

తా.క. బిక్షమ్మ తన అల్లునికి నాలుగో అర్థమే కావాలంటున్నది.

హైదరాబాదు, 4-7-1986

బాపుకు దండాలు.

పెద్దసారు పిలిచారు. పోయాను. బల్ల మీద మీ అర్జీలన్నీ పరిచి ఉన్నాయి. “ఏమిటమ్మా ఈ గాచారం? ప్రతి కాగితంలోనూ ఉంది!” అన్నారు.

“తలరాతనే సార్. మా దిక్కు గట్లనే అంటరు.”

“ఇన్ని పుస్తకాలు తిరగేశాం, మాకెవరికీ తట్టలేదే!” అని ‘డూమ్’కు దాన్నే మొదటి అర్థంగా రాయించారు. నా నౌకరీ ఖాయం చేశారు.

నీ బిడ్డ

తా.క. ఇరవై రెండు మంది రాత మార్చమన్నారు. ఇరవై మూడోది నీది: “సారూ, నా గాచారం ముట్టకుర్రి. జానమ్మ దాంట్లనే ఉన్నది.” సారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.