మొదటి నిద్ర

అక్కకు, బావకు దండాలు.

పెద్దకర్మ మర్నాడు మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో మీ ఇంటికి నిద్రకు రావాల్సింది. ఎదురుచూసి పరేషాన్ అయి ఉంటావు. ఎల్బీనగర్‌లో ఇంటికి తాళం వేస్తుండగా టీవీవాళ్లు వచ్చారు. తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు ఢిల్లీలో మాట్లాడాలన్నారు. మా సైదులు పేరు అక్కడ వినపడాలని ఒప్పుకుని విమానం ఎక్కాం.

తెల్లదొరల కాలం నాటి పెద్ద హోటల్లో దింపారు. పాలరాతి మెట్ల దగ్గర తలపాగా దర్వాన్ సలాం చేస్తే నేనూ తిరిగి సలాం చేశాను. గదిలో పరుపు మా వంటగదంత ఉంది. నీ మరదలు దాన్ని తాకలేదు.

“ఇంట్ల చావయినంక మొదటి నిద్ర ఆడబిడ్డ ఇంట్లనే చెయ్యాలె. గీడ కన్ను మూస్తే వదినె ఇంట్ల నిద్ర గీడనే అయిపోతది” అన్నది.

హోటల్ ఎవరి ఇల్లూ కాదని ఎంత చెప్పినా వినలేదు. ఇద్దరం గోడకు ఆనుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. పొద్దున పక్క సర్దడానికి వచ్చినాయన నలగని దుప్పటి చూసి, “కమ్రా అచ్ఛా నహీ లగా?” అని చిన్నబోయాడు. చాలా బాగుందన్నాను.

టీవీలో మాట్లాడటం అయిపోయింది. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. మాతో వచ్చిన వనస్థలిపురం ఆయన ముందు విమానానికి వస్తున్నాడు, ఈ కాగితం ఆయన చేతికిస్తున్నాను.

రాత్రికి మీ ఇంటికి వస్తాం. మంచాలు వద్దక్కా. కోచింగ్ రోజుల్లో సైదులు పండుకునే చోటే చాప వెయ్యి.

నీ తమ్ముడు