నూట ఇరవై మాటల్లో సీవా గుడి

12 నవంబర్ 2024, మంగళవారం

ఈ ఉదయం సాయవ్వ చెప్పులు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. ఆమె బయటికి వెళ్ళదు కాబట్టి రోజూ అవి గోడవైపు తిరిగి ఉంటాయి. వాటి మీద సన్నగా ఇసుక పేరుకుని ఉంటుంది. ఈ రోజు తుడిచి ఉన్నాయి.

ఇంటర్నేషనల్ సిటీలో మాది ఒక గదీ, ఒక హాలూ. గదిలో లావణ్య, నేను. హాల్లో ఒక మూల సాయవ్వ. మాకు వంట చేస్తుంది. ఊరు జగిత్యాల దగ్గర పల్లె. గల్ఫ్‌కి హౌస్‌మెయిడ్‌గా వచ్చింది. పనిచేసే ఇల్లు వదిలేసింది. వీసా పోయి ఆరేళ్ళు.

చెప్పుల సంగతి లావణ్యని అడిగాను. వీసా లేనివాళ్ళకిచ్చిన ఆమ్నెస్టీ గడువు పెంచారట, డిసెంబర్ 31 దాకా. ఈలోపు వెళ్ళిపోయేవాళ్ళకు జరిమానా లేదు, జైలు లేదు. తర్వాత దొరికితే రెండూ ఉంటాయి. నిన్న సాయవ్వ చెప్పులు వేసుకుని తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ విప్పేసిందట. పోవాల్నో ఉండాల్నో నాకే ఎర్కలేదు, కాళ్ళకేం ఎర్కైతది అందట.

14 నవంబర్

మా ఆఫీసు అల్ వర్సాన్‌లో ఒక వేర్‌హౌస్ పైన. ఎగ్జిబిషన్లకు ప్యానెల్స్ చేస్తాం. జనవరిలో రాస్ అల్ ఖైమాలో ఒయాసిస్సుల మీద ఒక ఎగ్జిబిషన్ ఉంది. నాకు సీవా వచ్చింది. ఈజిప్టు పడమటి ఎడారిలో, లిబియా సరిహద్దు దగ్గర, ఖర్జూరం తోటల మధ్య ఒక రాతిగుట్ట. దాని మీద అమున్ దేవుడి గుడి. ప్రశ్న అడిగితే దేవుడు జవాబు చెప్పే గుడి.

రెండున్నర వేల ఏళ్ళు. ఇంగ్లీషులో నూట ఇరవై మాటలు. మా ముదీర్, అంటే మేనేజర్, తహ్మీనా మేడమ్‌ది హైదరాబాద్. నిలబడి చదివేవాళ్ళ కాళ్ళు కూడా చూడాలి కదమ్మా అన్నారు.

17 నవంబర్, ఆదివారం

నోట్స్.

కాంబిసెస్ అనే పర్షియా రాజు ఆ గుడిని తగలబెట్టమని యాభై వేల మందిని పంపాడట. దారిలో భోజనానికి కూర్చున్నారు. ఇసుక గాలి లేచింది. ఎవరూ చేరలేదు, ఎవరూ తిరిగి రాలేదు. ఒక గ్రీకు చరిత్రకారుడు విని రాసిన మాట ఇది. నిజమో కాదో తేలలేదు. భోజనానికి కూర్చున్నారు అన్న చోట నాకు నమ్మబుద్ధయింది.

క్రీస్తుకు పూర్వం 331లో అలెగ్జాండర్ వెళ్ళాడు. దారి తప్పితే కాకులు ముందు ఎగిరి దారి చూపాయని కొందరు రాశారు, పాములని ఇంకొకరు. గర్భగుడిలోకి ఒక్కడే వెళ్ళాడు. ఏం అడిగాడో ఎవరూ వినలేదు. బయటికొచ్చి, కోరుకున్న జవాబే దొరికింది అన్నాడు. కొన్ని మాటలు నీకొక్కదానికే చెప్పాలి, వచ్చాక చెబుతాను అని తల్లికి ఉత్తరం రాశాడట. మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం సాయవ్వ వచ్చి ఏం రాస్తున్నవ్ బిడ్డా అంది. దేవుడు జవాబు చెప్పే గుడి గురించి అన్నాను. ఎట్ల జెప్తడు, నోటితోనా అంది. దేవుణ్ణి బంగారు పడవలో పెట్టి ఎనభై మంది పూజారులు భుజాల మీద మోస్తారు, దేవుడు ఎటు మొగ్గితే అటు నడుస్తారు అన్నాను.

ఎనభై మంది మోస్తే నడుమ ఎవడో ఒకడు నూకుతడు గదనే అంది.

పుస్తకంలో పండితుడు అదే మాట చెప్పడానికి నాలుగు పేజీలు తీసుకున్నాడు.

20 నవంబర్

చెప్పులు మళ్ళీ గోడవైపు.

24 నవంబర్, ఆదివారం, ఉదయం 5.40

నా మంచం వంటగది గోడకు ఆనుకుని ఉంటుంది. గోడ అంటే ప్లైవుడ్. రోజూ ఈ టైముకి సాయవ్వ స్టవ్ వెలిగించే ముందు ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టుకుంటుంది. సౌండ్ తగ్గించి చెవికి ఆనించుకుంటుంది. అయినా నాకు వినిపిస్తుంది. ఏడాదిగా వింటున్నాను. ఆమెకు తెలియదు.

కూతురు మాలతి గొంతు. 2021లో పంపింది. సాయవ్వ భర్త రాజలింగం కోవిడ్‌లో పోయాడు. ఈమె చేతిలో పాస్‌పోర్ట్ లేదు, వెళ్ళలేకపోయింది.

అవ్వా, బాపు పొయ్యేటప్పుడు నిన్నే అడిగిండు. నువ్వు రాలే. ఇగ రాకు.

అంతే మెసేజ్. ఆ తర్వాత మాలతి ఫోన్ చేయలేదు, ఎత్తలేదు. ఊళ్ళో ఉన్న ఇల్లు ఒకటే. అందులో మాలతి ఉంది.

సాయవ్వ లావణ్యతో పోలీసులంటే భయం అని చెబుతుంది. ఆమె భయం పోలీసులు కాదు.

26 నవంబర్

సీవా గర్భగుడి పక్కన ఒక సన్నని నడవ ఉంది. మనిషి పక్కకి తిరిగితే గాని పట్టడు. పూజారి అందులో నిలబడి, లోపల ఎవరేం అడుగుతున్నారో వినేవాడేమోనని కొందరి అనుమానం. డ్రాఫ్ట్‌లో ఈ వాక్యం పెట్టాను. తహ్మీనా మేడమ్ కొట్టేశారు. అనుమానాలు ప్యానెల్ వినైల్ మీద ఎక్కించొద్దు, ఎక్కాక దిగవు అన్నారు.

1 డిసెంబర్

సాయవ్వ ఇక్కడే ఉండిపోతే బాగుండును. ఏమైందే, ఎందుకు మాట్లాడవు అని నన్ను అడగని మనిషి ఆమె ఒక్కతే. కంచం పెట్టి పక్కన కూర్చుంటుంది.

3 డిసెంబర్

సీవాలో కాదు గాని ఈజిప్టులో ఇంకొన్ని గుళ్ళలో చీటీలు దొరికాయి. ఒకే ప్రశ్నకు రెండు చీటీలు రాసి దేవుడి ముందు పెట్టేవారు. నేను వెళ్ళాలంటే ఈ చీటీ ఇవ్వు, వద్దంటే ఆ చీటీ ఇవ్వు అని. అడిగేది చిన్న చిన్న సంగతులే. పెళ్ళి, ప్రయాణం, జ్వరం, దొంగతనం. ఒకటి తిరిగొచ్చేది. రెండోది గుడిలోనే ఉండిపోయేదేమో. ఒక ప్రశ్న తాలూకు రెండు చీటీలూ దొరకడం అరుదు.

ఇది కూడా కొట్టేశారు. సీవాది కాదు కాబట్టి. న్యాయమే.

రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి సాయవ్వకు చెప్పాను. చెప్పి ఉండకూడదేమో. ఆమె చెయ్యి కంచంలోనే ఆగింది. మా ఊర్ల గూడ ఏస్తరు చీటీలు అంది.

6 డిసెంబర్, శుక్రవారం

చీటీలు నన్ను రాయమంది. సోమవారం రాజన్న వారం, ఆ పొద్దున తీస్తానంది. వంటగది అల్మారా తలుపు లోపలివైపు వేములవాడ రాజన్న ఫోటో అంటించుకుంది.

వెళ్ళు అని రాయాలా, పో అని రాయాలా అని అడిగాను. రాజన్న మా దిక్కోడు, పో అనే అంటడు అంది. రెండోదాని మీద ఉండు.

ఆమెకు చదువు రాదు. తీసిన చీటీ నేను చదవనా అన్నాను. వద్దంది. నీ మొఖం జూస్తే ముందే ఎర్కైతది, నీకు దాసిపెట్టుడు రాదు బిడ్డా అంది. కింద గ్రోసరీలో హయాత్ బాషాతో చదివిస్తుందట. ఆయనది నెల్లూరు. ఈ ఇంటి సంగతులేవీ తెలియవు.

ఇంకో నియమం. రెండోది ఇప్పి సూడొద్దు, సూస్తే దేవుని మీద అనుమానపడ్డట్టు.

లావణ్య నవ్వింది. వీసా ఆఫీసు కూడా ఇలాగే నడిస్తే క్యూ ఉండేది కాదు అత్తా అంది.

8 డిసెంబర్

చీటీలు రాశాను. ప్యానెల్ ప్రూఫ్ అంచు తెల్లగా ఉంటే కత్తిరించాను. ఒకే కొలత, ఒకే మడత.

9 డిసెంబర్, సోమవారం, ఉదయం 6.20

తలస్నానం చేసి వచ్చింది. స్టీలు గిన్నెలో బియ్యం పోసి చీటీలు అందులో కలిపింది. దీపం పెట్టింది. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. పెదాలు కదిలాయి గాని మాట వినిపించలేదు. ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది. నన్నూ రమ్మంది.

హయాత్ బాషా రొట్టెల ప్యాకెట్లు సర్దుతున్నాడు. కళ్ళజోడు వెతుక్కుని చీటీ విప్పాడు. పో అని ఉండాది పెద్దమ్మా, ఎవురు రాసినారో గానీ ముత్యాల్లాగ రాసినారు అన్నాడు. ఎక్కడికి పోవాల అని అడిగాడు. ఇంటికి అంది. అయితే నెలాఖరు దాకానే టైము, యల్లా, బయల్దేరు అన్నాడు.

సాయవ్వ ఏడవలేదు. చీటీ మళ్ళీ మడిచి కొంగున ముడేసుకుంది. మెట్ల దగ్గర ఆగి, అంటే మాలతి తలుపు తీస్తదనేనా బిడ్డా అంది. చీటీలో అంతవరకు లేదు అన్నాను.

నేను చదివిన కాన్వెంట్‌లో అబద్ధం చెప్పినవాళ్ళను చాపెల్‌లో మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. పదేళ్ళలో నేను ఒక్కసారీ నిలబడలేదు. సిస్టర్ ఫిలోమినా నన్ను చూపించి మిగతావాళ్ళకు చెప్పేవారు. నేను అడిగినదానికే జవాబు చెప్పేదాన్ని.

12 డిసెంబర్

లావణ్య సెలవు పెట్టి సాయవ్వను అవీర్‌లో ఆమ్నెస్టీ ఆఫీసుకి తీసుకెళ్ళింది. వేలిముద్రలు పడ్డాయి. ఇక వెనక్కి లేదు. ఆఫీసరు ఇన్నాళ్ళు ఎక్కడున్నావు అని అడిగితే వంటింట్ల అందట.

18 డిసెంబర్

సీవాలో రెండో గుడి కూడా ఉండేది, తోటల్లో. ఎడారి గాలికి రెండు వేల ఏళ్ళు ఆగింది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఒక ప్రభుత్వ అధికారి రాళ్ళ కోసం మందుగుండు పెట్టి పేల్చాడు. ఒక్క గోడ మిగిలింది. తహ్మీనా మేడమ్ ఈ వాక్యం ఉంచారు.

26 డిసెంబర్, గురువారం

సాయవ్వ వెళ్ళింది. చిన్న బ్యాగు ఒకటే. సప్పుడు లేకుండ ఉంటవు, తినుడు గూడ మర్సిపోతవ్, మర్వకు అంది. గుమ్మం దగ్గర చెప్పులు ఉండే చోట నేల తెల్లగా ఉంది, చుట్టూ ఇసుక.

ఉదయం 5.40కి మెలకువ వచ్చింది. గోడ అవతల ఏమీ లేదు.

11 జనవరి 2025, శనివారం

లావణ్య ఫోన్‌కి సాయవ్వ వాయిస్ మెసేజ్ వచ్చింది. మొదటి రెండు రోజులు అరుగు మీదే ఉందట. మాలతి తలుపు తీయలేదు. నన్ను దేవుడు పంపిండు, నా అంతల నేను రాలే అని చీటీ కిటికీలోంచి లోపలికి ఇచ్చిందట. మాలతి చదివి, దేవుని చేతిరాత ఇంత మంచిగుంటదా అందట. మూడో రోజు తలుపు తీసి, మాట్లాడకుండా కంచం తెచ్చి పెట్టిందట. ఇంకా మాట్లాడటం లేదు. రోజూ కంచం మాత్రం పెడుతోంది.

అన్నంల ఉప్పెక్కువైంది, అయినా ఏమనలే అంది సాయవ్వ.

లావణ్య ఆ మెసేజ్ మూడుసార్లు వినిపించింది. చూశావా, చీటీ పని చేసింది అంది. అవును అన్నాను.

19 జనవరి

ఎగ్జిబిషన్ తెరిచారు. సీవా ప్యానెల్ నూట పద్దెనిమిది మాటలు.

రెండో చీటీ నా దగ్గరే ఉంది, పుస్తకంలో. దాని మీద కూడా పో అనే రాశాను.