యోనాకు పెట్టిన పులుసన్నం

ఫేబీ, రొయ్యల కంపెనీ నుంచి రాంగానే ముందు తలకు పోసుకో. నీళ్ళు కాచి పెట్టినా. చేపల పులుసు మూత మీద రాయి పెట్టుండా. పిల్లి దూడంత అయింది, రాయిని కూడా దొర్లిస్తది, చూసుకో.

నేను చర్చిలో స్త్రీల కూడికకు పోతుండా. పోవాలని లేదమ్మా, విసుగొచ్చేసింది. నెల్లూరు బైబిల్ పోటీలో, చేప మింగి కక్కినాక యోనా ప్రవక్త యాడికి పోయినాడని అడిగినారంట. మన చర్చి పిల్ల ఫ్లోరా లేచి, "ఇంటికి పోయి తలకు పోసుకొని పులుసన్నం తిన్నాడు" అనిందంట. హాలంతా ఒకటే నవ్వంట. అది నేను కూడికలో చెప్పిన కతే. "మగ్దలీనమ్మక్కా, గ్రంథంలో ఉండేదే చెప్పు, లేకుంటే ఊరక కూర్చో" అనేసింది పాస్టరమ్మ. ఈ పొద్దు ఊరకే కూర్చుంటా.

గ్రంథంలో నేరుగా దేవుడు పొమ్మన్న నీనెవె ఊరికే పోయినాడంట. చేప కడుపులో నుంచి వచ్చినోడిని అన్నం పెట్టకుండా ఎట్టా పంపేది? నువ్వు రోజూ ఆ నీచు వాసనతో, కాళ్ళు ఈడ్చుకుంటా వస్తావే, నిన్ను చూసే కతలో ఆ ముక్క కలిపినా. తినకుండా పడుకోబాక.

మీ అత్త

పులుసులో మామిడికాయ ముక్కలన్నీ నీకే. యోనాకు కూడా అన్ని వెయ్యలా.